మీ ఊరి గోల్కొండ కాలం చరిత్ర వెతకాలంటే: బెజవాడ, గుంటూరు వాళ్లకి

గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లి అడిగినా కొండవీటి రెడ్ల గురించి, కృష్ణదేవరాయల గురించి కాసేపు చెప్తారు, అక్కడి నుంచి నేరుగా ఇంగ్లీషు దొరల దగ్గరికి దూకేస్తారు. మధ్యలో ఉన్న రెండొందల ఏళ్లు "నవాబుల కాలం" అన్న ఒక్క మాటలో సరి. ఆ ఒక్క మాట మీదే మళ్లీ బోలెడు గొడవ, ఒకరేమో గుళ్లన్నీ కూలగొట్టిన కాలం అంటారు, ఇంకొకరేమో అందరూ అన్నదమ్ముల్లా బతికిన కాలం అంటారు. ఇద్దరినీ "సరే, మీ ఊళ్లో ఏం జరిగింది" అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. ఆ సమాధానం వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు, పట్టాలు ఉన్న చరిత్రకారులే చేయాలన్న రూలు కూడా లేదు. ఓపిక ఉండి, కొంచెం పద్ధతి తెలిస్తే చాలు. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ నవాబో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తికమకపడతారు. మన ప్రాంతాన్ని ఏలిన ముస్లిం ప్రభువులు ఒక్కళ్లు కాదు. కుతుబ్‌షాహీలు గోల్కొండ నుంచి ఏలారు. పర్షియాలోని హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ ఈ వంశానికి మూలపురుషుడు. కృష్ణదేవరాయలు పోయిన తర్వాత ఆయన కొండపల్లి వైపు వచ్చాడు. కృష్ణకు దక్షిణాన ఉన్న కొండవీటి సీమ మాత్రం ఇంకో యాభై ఏళ్లకి, 1579-80 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్‌షా చివరి రోజుల్లో గోల్కొండ చేతికి వెళ్లింది. అంటే బెజవాడ వాళ్ల లెక్క వేరు, గుంటూరు వాళ్ల లెక్క వేరు. రెండింటినీ ఒకే తేదీ కింద రాయకండి.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండని పట్టుకున్నాడు. ఒక ముస్లిం చక్రవర్తి ఇంకో ముస్లిం రాజ్యాన్ని కూల్చాడన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి, పైగా కుతుబ్‌షాహీలు షియాలు, ఔరంగజేబు సున్నీ. అప్పటి నుంచి 1724 దాకా మొగలుల సుబేదార్లు, ఆ తర్వాత అసఫ్‌జాహీ నిజాములు. 1750ల్లో కొన్నాళ్లు ఫ్రెంచి వాళ్లకి ఉత్తర సర్కార్లు రాసిచ్చారు. 1766 ఒప్పందంతో కొండపల్లి సర్కారు (సర్కారంటే అప్పటి జిల్లా లాంటిది) ఇంగ్లీషు కంపెనీకి వెళ్లింది, గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండిపోయి 1788లో గానీ కంపెనీ చేతికి రాలేదు.

ఇంత వివరం ఎందుకంటే, పాత కాగితాల్లో "మొగలాయి ప్రభుత్వం" అని కనిపిస్తుంది, దాన్ని చూసి చాలామంది ఔరంగజేబు అనుకుంటారు. మన పల్లెల రికార్డుల్లో గోల్కొండ సుల్తానుల పాలనని కూడా మొగలాయి అనే రాశారు. శక సంవత్సరం 1500 ప్రాంతంలో "మొగలాయి" వచ్చిందని ఉంటే అది ఢిల్లీ కాదు, గోల్కొండ. అలాగే పాత లెక్కల్లో ముర్తజానగర్ అంటే కొండవీడు-గుంటూరు సీమ, ముస్తఫానగర్ అంటే కొండపల్లి సీమ. ఇవి తెలియక ఎక్కడో ఉత్తరాది ఊళ్లనుకుని పేజీ తిప్పేసే ప్రమాదం ఉంది.

తేదీల లెక్క

శాసనాల్లో శాలివాహన శకం ఉంటుంది, దానికి 78 కలపండి. ఫసలీ (పన్ను లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. హిజ్రీ ఉంటే చాంద్రమానం కాబట్టి కొంచెం లెక్క: ఆ అంకెని 33తో భాగించి, వచ్చినదాన్ని అదే అంకెలోంచి తీసేసి, 622 కలపాలి. గోల్కొండ పడింది హిజ్రీ 1098లో. 33తో భాగిస్తే దాదాపు 33, తీసేస్తే 1065, 622 కలిపితే 1687. నెలలు కూడా చూసుకోవాలి, లేకపోతే ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది.

శకం అంకె ఒక్కదాన్నే నమ్మకండి, అంకెలు అరిగిపోతాయి, 4 ఏదో 8 ఏదో తెలియదు. మన వాళ్లు పక్కనే సంవత్సరం పేరు కూడా చెక్కించారు, అది మన అదృష్టం. ప్రభవ, విభవ వరస అరవై ఏళ్లకోసారి తిరుగుతుంది. 1987 ప్రభవ కదా, మూడొందల ఏళ్లు వెనక్కి వెళ్తే 1687 కూడా ప్రభవే, శకం 1609. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్నది శకం 1437 యువ నామ సంవత్సరం, అంటే 1515. 1995 కూడా యువే, సరిపోయింది. అంకె, పేరు రెండూ కలిస్తే తేదీ ఖాయం. కలవకపోతే అంకె తప్పు చదివారనే అనుమానించండి, మళ్లీ రాయి దగ్గరికి వెళ్లండి.

కైఫియత్తు చదవడం

మీ ఊరికి కైఫియత్తు ఉందేమో చూడటం మొదటి పని. కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి, ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వీళ్లు మనుషుల్ని పంపి ఊరూరా కరణాల చేత రాయించిన గ్రామ చరిత్రలు ఇవి. గుంటూరు జిల్లావి తాలూకాల వారీగా పుస్తకాలుగా అచ్చయ్యాయి, జిల్లా గ్రంథాలయాల్లో, పాత కాలేజీ లైబ్రరీల్లో దొరుకుతాయి. 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ వేరే సంగతి, ఆ మెకంజీ, ఈ మెకంజీ ఒకరు కారు. అప్పట్లో గుంటూరు కూడా కృష్ణా జిల్లాలోనే ఉండేది, 1904లో విడిపోయింది, అందుకని గుంటూరు వాళ్లు కూడా ఆ మాన్యువల్ చూడాలి.

కైఫియత్తులో ఒక వరస ఉంటుంది. గజపతులు, రెడ్లు, రాయలు, మొగలాయి, జమీందార్లు. మొగలాయి దగ్గరికి వచ్చేసరికి దేశాన్ని సముతులుగా (చిన్న భాగాలుగా) విడగొట్టి చౌదరీలు (పన్ను వసూలు పెద్దలు), దేశపాండ్యాలు, మజుందార్లు (సీమ లెక్కలు చూసేవాళ్లు), కరణాలు అని హోదాలు నిర్ణయించారని వస్తుంది. ఇక్కడ ఆగండి. ఈ భాగమే అసలు బంగారం, అందరూ మాత్రం రాజుల పేర్లు రాసుకుని దీన్ని వదిలేస్తారు. ఆ హోదాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. దేశపాండ్యాలు, మజుందార్లు, కరణాలు చాలావరకు బ్రాహ్మణ కుటుంబాలు. చౌదరీలు, దేశముఖులు కమ్మ, వెలమ, రెడ్డి కుటుంబాలు. తర్వాతి కాలంలో అమరావతి నుంచి ఏలిన వాసిరెడ్డి వారి ఇంటి ప్రాభవం కూడా నందిగామ పరగణా దేశముఖితోనే మొదలైంది. పైన సుల్తాను, కోటలో ముస్లిం కిలేదారు (కోట అధికారి), ఊళ్లో లెక్కా పన్నూ చూసేది మాత్రం మన ఊరి పెద్దలే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఆ కాలం గురించి వినే కథలు సగం వేరేగా వినిపిస్తాయి.

ఇంకో జాగ్రత్త. కైఫియత్తు రాయించిన నాటికి గోల్కొండ పడి నూరేళ్లు దాటింది. రాసింది కరణం, చదివేది కంపెనీ అధికారి. మా మిరాశీ (వంశపారంపర్య హక్కు) పాతది, మా ఇనాము (దానంగా వచ్చిన భూమి) అసలైనది అని చెప్పుకోవాల్సిన అవసరం రాసేవాడికి ఉంది. అబద్ధం రాశారని కాదు, ఎందుకు రాశారో చూసి చదవమంటున్నాను. మాలపల్లె, మాదిగపల్లె, చేనేత వాళ్లు, పడవ వాళ్లు అందులో పేరుగా కనిపించరు. వాళ్ల సంగతి వేరే చోట వెతకాలి.

పన్ను చూడండి, మతం ఆ తర్వాత

నా మట్టుకు నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. సామాన్యుడు సుల్తాను మొహం చూడలేదు, వాడు చూసింది పన్ను వసూలు చేసే మనిషిని. అందుకే ఏ సంఘటన దొరికినా మూడు ప్రశ్నలు వేయండి: సొమ్ము ఎవరు కట్టారు, ఎవరు వసూలు చేశారు, బాకీ పడితే ఏం చేశారు.

గోల్కొండలో చాలాకాలం పరగణాల వసూలు హక్కుని ఏటా పాటకి పెట్టేవాళ్లు. ఎక్కువ పాడినవాడికి ఆ ఏడాది సీమ. ఏడాదే కాబట్టి చెరువు బాగుచేయించాలన్న ఆలోచన వాడికి ఉండదు, పాడిన సొమ్ము పైన ఇంకెంత పిండుకోవచ్చన్నదే ఆలోచన. 1618 నుంచి నాలుగేళ్లు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ ఈ పద్ధతి గురించి రాశాడు. పాడిన సొమ్ము పూర్తిగా కట్టలేకపోయిన బందరు గవర్నరుని వీపు మీద, కాళ్ల మీద, కడుపు మీద బెత్తాలతో కొట్టి చంపేశారని ఆయన రాత. గవర్నరు గతే అదైతే, ఆ గవర్నరు కింద పాడుకున్నవాడు రైతు దగ్గర ఎలా వసూలు చేసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

దీన్ని పక్కన పెట్టుకుని రామదాసు కథ మళ్లీ చదవండి. కంచర్ల గోపన్న భద్రాచలం తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని గోల్కొండలో ఖైదు. ఆయన మేనమామ మాదన్న అప్పుడు రాజ్యంలో అందరికంటే పెద్ద మంత్రి, ఇంకో మేనమామ అక్కన్న కూడా పెద్ద హోదాలోనే ఉన్నాడు. సుల్తాను తానీషాకి హిందూ మతం మీద ద్వేషమే ఉంటే ఈ అన్నదమ్ములు ఆ కుర్చీల్లో ఉండరు. ఖజానాకి రావాల్సిన సొమ్ము రాకపోతే పట్టుకోవడం ఆ రాజ్యం మామూలు పని, బందరు గవర్నరుని కొట్టినట్టే. ఇలా అంటే రామదాసు పడ్డ బాధ తగ్గదు, "ఏ తీరుగ నను దయజూచెదవో" అని ఆయన పాడింది మన గుండెల్లోంచి పోదు. శిక్ష ఎందుకు పడిందో మాత్రం సరిగ్గా తెలుస్తుంది. అక్కన్న, మాదన్నల చావు కూడా చూడండి, 1686లో మొగలుల ఒత్తిడి పెరిగి, దర్బారులో శత్రువులు ఎక్కువై, గోల్కొండ వీధిలో ఇద్దరినీ చంపేశారు. అక్కడ మాత్రం వాళ్లు బ్రాహ్మణులన్నది శత్రువుల చేతిలో ఆయుధమైంది. ఒకే కుటుంబం కథలో రెండు రకాలూ ఉన్నాయి, రెండూ రాయాలి.

కొల్లూరు వజ్రాల గని సంగతి కూడా ఇదే దారిలో చూడాలి. కృష్ణ ఒడ్డున గుంటూరు వైపు ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తుంటే చూశానని రాశాడు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లట. కోహినూరు మనదే అని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఆ మట్టి మోసినవాళ్ల గురించి కూడా ఒక వాక్యం రాయండి.

గుడి, మసీదు, రాయి

ఇక అందరూ కొట్టుకునే విషయం. గుళ్ల మీద దాడులు జరిగాయి, కాదనక్కరలేదు. 1579లో గోల్కొండ సైన్యం అహోబిలం గుడిని దోచి, కెంపులు పొదిగిన విగ్రహాన్ని సుల్తానుకి బహుమతిగా పట్టుకెళ్లింది. ఆ సైన్యానికి నాయకుడు మురహరి రావు, బ్రాహ్మణుడు. ఆ గుడిని కృష్ణదేవరాయలు దర్శించి కానుకలిచ్చాడు, దాన్ని కొల్లగొట్టడమంటే విజయనగరం పరువుని కొల్లగొట్టడం. ఆ పంపినాయన ఇబ్రహీం కుతుబ్‌షా, చిన్నతనంలో అన్న జంషీద్‌కి భయపడి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గరే తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పొగిడారు, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. 1565లో రక్కసి తంగడి దగ్గర అదే రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు. ఇలాంటి మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని ఒక్క డబ్బాలో వేయడానికి ప్రయత్నించకండి.

అందుకని మీ ఊరి గుడి గురించి "తురకలు కూల్చారట" అని ఎవరైనా చెప్తే, కొట్టిపారేయకండి, అలాగే రాసేసుకోకండి కూడా. ఎప్పుడు, ఎవరి సైన్యం, ఏ యుద్ధంలో అని అడగండి. తర్వాత గుడి స్తంభాల మీద ఆ తేదీ తర్వాతి శాసనాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే పూజ ఆగలేదన్నమాట, లేదా మళ్లీ మొదలైందన్నమాట.

రాయి చదవడం గురించి రెండు మాటలు. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు అక్షరాల గాడిలో నీడ నిలుస్తుంది, అప్పుడు ఫోన్ కెమెరా చాలు. లోపలి మండపాల్లో అయితే టార్చి లైటుని రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి, ఎదురుగా వేయొద్దు. సుద్ద పూయడం, నూనె రాయడం, ఇనుప బ్రష్షుతో గీకడం అస్సలు చేయకండి. సున్నం కొట్టేసిన స్తంభాలు మన గుళ్లలో బోలెడు, వాటిని గోకాలని చేతులు లాగుతాయి, ఆగండి, దేవస్థానం వాళ్లతో మాట్లాడి పురావస్తు శాఖకి ఉత్తరం రాయించండి. మీరు చూసిన రాయిని ఎవరైనా ఇప్పటికే చదివి అచ్చు వేశారేమో కూడా చూడండి, భారత పురావస్తు శాఖ దక్షిణ భారత శాసనాల పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

శాసనం చివర శాపం తప్పకుండా చదవండి. ఈ దానాన్ని పాడుచేసినవాడు కాశీలో గోవుని చంపిన పాపాన పోతాడని హిందువులకి, మక్కాలో పంది మాంసం తిన్న పాపాన పోతాడని ముస్లింలకి, రెండు శాపాలూ పక్కపక్కనే ఉన్న రాళ్లు దక్కనులో ఉన్నాయి. ఆ దానాన్ని ఇద్దరూ కాపాడాల్సిన పరిస్థితి ఉంది కాబట్టే ఇద్దరికీ శాపం పెట్టారు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ పుస్తకంలోనూ దొరకదు.

కాగితాల్లో అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడండి. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ ప్రతి ఊరి ఇనాములనీ విచారించి, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎంత భూమి, సనదు (దానపత్రం) ఉందా అని రాసింది. గుడికీ, మసీదుకీ, పీర్లకీ, వైదికులకీ ఇచ్చిన మాన్యాలు ఒకే పుస్తకంలో కనిపిస్తాయి. కానీ ఊళ్లో ఈ రిజిస్టరు పేరెత్తితే చాలు, భూమి తగాదా కోసం వచ్చారేమోనని టెన్షన్ పడతారు. అందుకని ముందే "తాతగారూ, పొలం సంగతి కాదండీ, ఊరి చరిత్ర కోసం" అని చెప్పి కూర్చోండి. మామ్మగార్లని వదలకండి, పీర్ల పండక్కి ఏ ఇంటి నుంచి ఏం వెళ్లేదో వాళ్లకే గుర్తుంటుంది. షియా సుల్తానుల కాలంలో బలపడిన మొహర్రం మన పల్లెల్లో హిందువుల ఇళ్ల నుంచి కూడా మొక్కులు అందుకుంది, పీర్ల చావిడి ఉన్న ఊరైతే అక్కడ తప్పకుండా ఒక పూట గడపండి.

ఎక్కడెక్కడ తిరగాలి

బెజవాడలో ఉంటే ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలతో మొదలుపెట్టండి. గుహలు మంత్రులకంటే వందల ఏళ్లు పాతవి, అమ్మవారి దర్శనానికి వచ్చినప్పుడు వాళ్లిక్కడ బస చేశారన్న నమ్మకం వల్ల ఆ పేరు నిలిచింది. ఒక పాత కట్టడానికి జనం ఏ కాలం మనుషుల పేరు పెట్టుకున్నారో చూడండి. తర్వాత కొండపల్లి కోట, రెడ్లు కట్టింది, గజపతులు, రాయలు, కుతుబ్‌షాహీలు వరసగా ఏలింది. మీదున్న దర్గా కూడా చూసి రండి. దారిలో ఇబ్రహీంపట్నం వస్తుంది, పేరు చూసి ఇబ్రహీం కుతుబ్‌షాయే కట్టించాడని రాసేయకండి, సాక్ష్యం దొరికాకే రాయండి.

గుంటూరు వైపు వాళ్లకి కొండవీడు, మంగళగిరి. మంగళగిరి గుడి శాసనాల్లో కొండవీడు విజయం సంగతి ఉంది, తేదీల లెక్క నేర్చుకోవడానికి అది మంచి చోటు. నిజాంపట్నం వెళ్తే ఒకప్పుడు పెటపోలి పేరుతో డచ్చి, ఇంగ్లీషు ఓడలు ఆగిన రేవు చూడొచ్చు. కూచిపూడి కూడా ఈ జాబితాలోదే, తానీషా ఆ ఊళ్లో ప్రదర్శన చూసి భాగవతుల కుటుంబాలకి అగ్రహారంగా ఇచ్చాడని వాళ్ల సంప్రదాయం చెప్తుంది.

రాసేటప్పుడు

ప్రతి సంగతి పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: రాయి, కాగితం, నోటి మాట. మూడింటినీ కలిపేయకండి. నోటి మాటని తక్కువ చేయకండి, చెప్పినవాళ్ల మాటల్లోనే, వాళ్ల ఒప్పుదలతో రాసుకోండి. రెండు ఆధారాలు పొసగకపోతే రెండూ పెట్టి, మీకు ఏది నమ్మకంగా ఉందో, ఎందుకో చెప్పండి. "తురకలు", "మ్లేచ్ఛులు" లాంటి మాటలు పాత కాగితంలో ఉంటే ఉటంకింపుగా అలాగే ఉంచండి, మీ సొంత వాక్యంలోకి తేకండి, ఆ ఊళ్లోనే ఇప్పుడు ఉంటున్న సాయిబుల పిల్లలు కూడా అది చదువుతారు. అయిపోయాక ఒక కాపీ ఊరి గ్రంథాలయంలో, ఒకటి హైస్కూల్లో సోషల్ టీచరుకి, ఇంకొకటి గుడి కమిటీకీ మసీదు కమిటీకీ కలిపి ఇవ్వండి. తప్పులుంటే వాళ్లే పట్టిస్తారు, వెంటనే దిద్దుకోండి.